ఒక్క ‘ఎందుకు’లో ఎన్ని ప్రశ్నలు?

(హైస్కూలు పిల్లల సందేహాలు తీర్చే ట్యూటర్ల సమావేశంలో చేసిన ప్రసంగానికి రాత రూపం)

అందరికీ నమస్కారం.

ముందు ఒక లెక్క చేద్దాం. నేను బోర్డు మీద వేస్తాను, మీరూ కాగితం మీద వేసుకోండి. ఒక బండి తొలి వేగం సెకనుకు 3 మీటర్లు. త్వరణం 2. అది 4 మీటర్ల దూరం ముందుకు వెళ్ళింది. తుది వేగం ఎంత? సూత్రం మీకు తెలిసిందే. తొలి వేగాన్ని వర్గం చేసి, త్వరణాన్నీ దూరాన్నీ గుణించి రెట్టింపు చేసి, రెండూ కలిపితే తుది వేగం వర్గం వస్తుంది. 9, 16 కలిపితే 25. వర్గమూలం 5. సెకనుకు 5 మీటర్లు, అంతే.

తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె ఈ లెక్క పట్టుకుని నా దగ్గరికొచ్చింది. "మేడమ్, ఫిజిక్స్ డౌట్. సూత్రం కరెక్టే రాశాను, అంకెలూ కరెక్టే వేశాను, ఆన్సర్ మాత్రం రావడం లేదు" అంది. తనకు 7 వస్తోంది. నేను సూత్రం మళ్ళీ మొదటినుంచి చెప్పబోయాను. చెప్పి ఉంటే ఓ పావుగంట గడిచేది, అమ్మాయి బుద్ధిగా తలూపి వెళ్ళేది, మర్నాడు ఇంకో లెక్కలో మళ్ళీ అదే తప్పు చేసేది. ఆగి, "నువ్వు చేసింది చూపించమ్మా" అన్నాను. నోటుబుక్కు నా వైపు తిప్పింది. సూత్రం చక్కగా ఉంది. అంకెలు సరిగ్గా ఉన్నాయి. రూటు గుర్తు కింద 9 ప్లస్ 16 అని ఉంది. దాని కింది లైన్లో 3 ప్లస్ 4. దాని కింద 7.

ఫిజిక్స్ అంతా ఆ పిల్లకు వచ్చు. డౌటు ఉన్నది ఎనిమిదో తరగతి లెక్కల్లో. మొత్తానికి వర్గమూలం తీయాల్సిన చోట ముక్కముక్కకూ విడిగా తీసేసింది.

"9, 16 కలిపితే ఎంత?" అన్నాను. "25." "దానికి రూటు?" "5..." అని ఆగిపోయింది. పెన్ను గడ్డానికి ఆనించుకుని నోటుబుక్కులోకే చూస్తోంది. "మరి నాకు 7 ఎలా వచ్చింది మేడమ్?" అంది. చూశారా, తను అడగాల్సిన అసలు ప్రశ్న అప్పటికి బయటికొచ్చింది. 7 ని వర్గం చేయమన్నాను. 49. ఉండాల్సిన 25 కంటే 24 ఎక్కువ. "ఆ 24 ఎక్కడ్నుంచి వచ్చిందో చెప్పు" అని ఊరుకున్నాను. చాలాసేపు పట్టింది. తర్వాత తనే 3 ని 4 తో గుణించి, రెట్టింపు చేసి, "టూ ఏబీ!" అని గట్టిగా అంది. ఏడాది కిందట బట్టీపట్టిన ‘ఏ ప్లస్ బీ హోల్ స్క్వేర్’ సూత్రంలో మధ్య పదం ఎందుకుందో ఆ పిల్లకు ఆ రోజు ఫిజిక్స్ లెక్కలో తెలిసింది.

ఈ కథతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. ఈ గదిలో కొందరు లెక్కలు చెప్తారు, కొందరు సైన్సు, కొందరు సోషల్, కొందరు తెలుగు. ఆ రోజు లెక్కల ట్యూటర్ "ఇది ఫిజిక్స్, అటు వెళ్ళు" అని పంపించి ఉంటే, ఫిజిక్స్ ట్యూటర్ సూత్రం చెప్పి పంపించి ఉంటే, ఆ తప్పు ఇద్దరికీ కనపడకుండా ఆ పిల్లతోపాటే పదో తరగతికి వెళ్ళిపోయేది. పిల్లలకు డౌటు పుట్టినప్పుడు అది ఏ సబ్జెక్టుదో వాళ్ళకు తెలియదు. ఏ పుస్తకం తెరిచి ఉందో ఆ పేరు చెప్తారు. దాన్ని పోల్చుకోవాల్సింది మనం.

పోల్చుకోవడం అంటే ఇంకో సంగతి కూడా ఉంది. నేను ఈవేళ ముఖ్యంగా చెప్పాలనుకున్నది అదే. పిల్లలు అన్ని సబ్జెక్టుల్లోనూ "ఎందుకు" అనే అడుగుతారు. మాట ఒక్కటే. కానీ లెక్కల్లో ‘ఎందుకు’ అడిగేది ఒకటి, సైన్సులో అడిగేది ఇంకొకటి, చరిత్రలో, భాషలో మరొకటి. ఏ రకం ‘ఎందుకు’ అన్నది తెలుసుకోకుండా చెప్తే, మనం చెప్పింది నిజమే అయినా పిల్లకు ఆనదు. "అర్థమైంది మేడమ్" అంటుంది. ఆ గొంతు వింటే మనకు తెలిసిపోతుంది, అర్థం కాలేదని.

మైనస్ ఇంటు మైనస్ తీసుకుందాం. దీన్ని అడగని బ్యాచ్ నాకింతవరకు తగల్లేదు. "మైనస్ ఇంటు మైనస్ ప్లస్ ఎందుకు?" మామూలుగా చెప్పే జవాబు, శత్రువుకు శత్రువు మిత్రుడని. గుర్తు పెట్టుకోవడానికి బానే ఉంటుంది. కానీ కారణం అడిగిన పిల్లకు గుర్తుపెట్టుకునే చిట్కా ఇస్తే ఆ పిల్ల ఆకలి తీరదు. పైగా కొంచెం చురుకైన పిల్లయితే వెంటనే అంటుంది: "మరి మైనస్ 2, మైనస్ 3 కలిపితే మైనస్ 5 ఎందుకు? ఇద్దరు శత్రువులు కలిశారు కదా?" సరైన ప్రశ్న. మన పోలిక దగ్గర దానికి జవాబు లేదు.

నేను ముందు ఒక వరస రాయిస్తాను. 3 ఇంటు మైనస్ 2, మైనస్ 6. 2 ఇంటు మైనస్ 2, మైనస్ 4. 1 ఇంటు మైనస్ 2, మైనస్ 2. 0 ఇంటు మైనస్ 2, సున్నా. ఎడమవైపు ఒక్కొక్కటే తగ్గుతోంది, జవాబు రెండేసి పెరుగుతోంది. ఇంకో మెట్టు దిగు, మైనస్ 1 ఇంటు మైనస్ 2 ఎంత రావాలి? పిల్లలందరూ 2 అంటారు. చాలామంది అక్కడితో సంతోషిస్తారు.

కానీ ఒక కుర్రాడు లేచి, "ఆ వరస అలాగే సాగి తీరాలని రూలేముంది మేడమ్?" అన్నాడు. నా ఇన్నేళ్ళ పనిలో నాకు బాగా నచ్చిన ప్రశ్నల్లో అదొకటి. వరస చూసి ఊహించడం వేరు, అలా కాకపోతే కుదరదని తేల్చడం వేరు. ఆ తేడా ఆ కుర్రాడికి తనంతట తనకే తట్టింది. అలాంటప్పుడు మనం ఇంకో అడుగు లోతుకు దిగాలి.

అప్పుడు ఇలా చేశాం. 23 ని 7 తో గుణించడం మూడో తరగతి నుంచి వచ్చు కదా. ఎలా చేస్తాం? 20 ఏడులు 140, 3 ఏడులు 21, మొత్తం 161. ముక్కలు చేసి గుణించి కలుపుతాం. ఈ పద్ధతి ఎప్పుడూ పనిచేయాలా వద్దా? "పనిచేయాలి" అన్నాడు. సరే, మైనస్ 3 ని సున్నాతో గుణించు. సున్నా. ఇప్పుడు ఆ సున్నాని 2, మైనస్ 2 అని రెండు ముక్కలు చేయి. మైనస్ 3 ఇంటు 2, మైనస్ 6. అది ఇదివరకే ఒప్పుకున్నాం. రెండో ముక్క, మైనస్ 3 ఇంటు మైనస్ 2, ఎంతో తెలియదు. కానీ రెండూ కలిస్తే సున్నా రావాలి. మైనస్ 6 కి ఏం కలిపితే సున్నా? అతను 6 అని చెప్పలేదు, బోర్డు దగ్గరికొచ్చి రాశాడు. "మైనస్ 6 అని పెట్టుకుంటే, ముక్కలు చేసి గుణించే పద్ధతే పాడైపోతుంది" అన్నాడు.

లెక్కల్లో ‘ఎందుకు’ అంటే ఇదే: ఇలా కాదని అనుకుంటే ఏది విరిగిపోతుంది? సున్నాతో భాగించకూడదన్నా, 1 ప్రధాన సంఖ్య కాదన్నా ఇదే ప్రశ్న వేసుకోవాలి. 12 ని ప్రధాన సంఖ్యల లబ్ధంగా రాస్తే 2, 2, 3. వరస మార్చినా అవే సంఖ్యలు, ఇంకోలా రాయడం కుదరదు. 1 ని కూడా ప్రధాన సంఖ్య అంటే దాని పక్కన ఎన్ని ఒకట్లైనా చేర్చుకుంటూ పోవచ్చు, ఒకే రకంగా రాయగలగడం పోతుంది. పూర్వం కొందరు గణితజ్ఞులు 1 ని ప్రధాన సంఖ్యల్లోనే లెక్కపెట్టేవారని కూడా పిల్లలకు చెప్పండి. మనుషులు ఆలోచించి, అవసరం చూసుకుని గీత ఎక్కడ గీయాలో నిర్ణయించుకున్నారని తెలిస్తే లెక్కలంటే భయం కొంత తగ్గుతుంది.

ఫిజిక్స్‌కు వచ్చేసరికి ‘ఎందుకు’ మారిపోతుంది. బరువైనదీ తేలికైనదీ ఒకేసారి కింద పడతాయంటే పిల్లలు నమ్మరు. నమ్మకపోవడం మంచిదే. అక్కడ తర్కం కంటే ముందు చూడాల్సింది ప్రకృతి ఏం చేస్తోందన్నది. 1971లో అపోలో 15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద నిలబడి ఒక చేత్తో సుత్తి, ఒక చేత్తో ఈక పట్టుకుని ఒకేసారి వదిలాడు. గాలి లేదు కాబట్టి రెండూ కలిసే నేలను తాకాయి. ఆ వీడియో చూపించండి. కానీ దానికంటే ముందు ఒక పుస్తకం, ఒక కాగితం ముక్క పిల్లల చేతికిచ్చి వదలమనండి. తర్వాత ఆ కాగితాన్ని పుస్తకం మీద పెట్టి వదలమనండి. కాగితం పుస్తకానికి అంటుకున్నట్టే కిందికొస్తుంది. ఆ క్షణంలో వాళ్ళ మొహాలు చూడాలి.

అదే ఫిజిక్స్‌లో ప్రకృతికి సంబంధం లేని ‘ఎందుకు’లు కూడా ఉన్నాయి. "ఎలక్ట్రాన్లు మైనస్ నుంచి ప్లస్‌కు పోతాయన్నారు, కరెంటు ప్లస్ నుంచి మైనస్‌కు పోతుందన్నారు, ఏది నిజం?" దీనికి ప్రయోగంతో జవాబు వెతికితే పిల్లలు ఇంకా చిక్కుల్లో పడతారు. దీని జవాబు చరిత్రలో ఉంది. ప్లస్, మైనస్ అనే పేర్లు పెట్టింది బెంజమిన్ ఫ్రాంక్లిన్, 1740ల్లో. అప్పటికి ఎలక్ట్రాన్ అనేది ఒకటుందని ఎవరికీ తెలియదు. జె. జె. థామ్సన్ దాన్ని కనుక్కున్నది 1897లో. అప్పటికి నూటయాభై ఏళ్ళుగా సూత్రాలు, గుర్తులు అన్నీ ఫ్రాంక్లిన్ పెట్టిన దిక్కులోనే రాసి ఉన్నాయి. లెక్కలు ఎటైనా సరిగ్గానే వస్తాయి కాబట్టి మార్చలేదు. "అంటే ఇది మనుషులు పెట్టుకున్న ఒప్పందం, అర్థం కానిదేం లేదు" అని తెలిస్తే పిల్ల గుండెల మీది బరువు దిగుతుంది. నాకు బుర్ర లేదేమో అని అప్పటిదాకా టెన్షన్ పడుతూ ఉంటుంది పాపం.

‘పని’ అన్న మాట కూడా అలాంటిదే. "బ్యాగు పట్టుకుని అరగంట నిలబడితే చేతులు పడిపోతున్నాయి, పుస్తకంలో చేసిన పని సున్నా అంటారేంటి?" అని అడుగుతారు. ఇందులో రెండు ప్రశ్నలున్నాయి, విడదీసి చెప్పాలి. ఒకటి, ఫిజిక్స్ ‘పని’ అన్న మాటను తన కోసం ఇరుకైన అర్థంలో వాడుకుంటోంది: బలం ఉండాలి, ఆ దిక్కులో వస్తువు కదలాలి. బ్యాగు కదల్లేదు, కాబట్టి బ్యాగు మీద జరిగిన పని సున్నా. రెండోది, మరి అలసట ఎక్కడిది? అది బయాలజీ. బ్యాగును అలా ఎత్తి పట్టడానికి కండరంలోని పోగులు లోపల బిగుసుకుంటూ వదులవుతూ ఉంటాయి, దానికి శక్తి ఖర్చవుతుంది. పిల్లకు నొప్పి పుట్టింది నిజం. పుస్తకం చెప్పిందీ నిజం. రెండూ నిజమని చెప్పకుండా పుస్తకం వైపు మాత్రమే నిలబడితే, తన ఒంటికి తెలిసినదాన్ని నమ్మకూడదని పిల్లకు నేర్పినట్టవుతుంది. అది చాలా చెడ్డ పాఠం.

ఇప్పుడు నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను.

పదో తరగతి కుర్రాడు. కిరణజన్య సంయోగక్రియ చదువుతున్నాడు. "మేడమ్, ఆకు వదిలే ఆక్సిజన్ కార్బన్ డయాక్సైడ్‌లోదా, నీళ్ళలోదా?" అని అడిగాడు. వేరే పిల్లలు చుట్టూ ఉన్నారు, హడావుడిలో ఉన్నాను. "కార్బన్ డయాక్సైడ్ తీసుకుని ఆక్సిజన్ వదుల్తుంది కదా, దాన్లోదే" అన్నాను. ఒక్క సెకను కూడా ఆలోచించలేదు. అతను రాసుకున్నాడు. మూడు రోజుల తర్వాత వేరే పని మీద పుస్తకం తిరగేస్తుంటే కనపడింది. ఆక్సిజన్ వచ్చేది నీళ్ళ నుంచి. 1941లో శామ్యూల్ రూబెన్, మార్టిన్ కామెన్, వాళ్ళ తోటివాళ్ళు బరువు ఎక్కువుండే ఆక్సిజన్-18 ని నీళ్ళలో గుర్తుగా పెట్టి చూశారు. బయటికొచ్చిన ఆక్సిజన్‌లో ఆ గుర్తు దొరికింది. ఆ కుర్రాణ్ణి పిలిచే సరికి అతను అప్పటికే ఇంకో ఇద్దరికి నా జవాబు చెప్పేశాడు. ముగ్గుర్నీ కూర్చోబెట్టి, నేను తప్పు చెప్పానని, ఎందుకు తప్పో చెప్పాను.

అప్పుడు జరిగింది వినండి. పుస్తకంలో సమీకరణం ఉంది కదా: ఆరు కార్బన్ డయాక్సైడ్ అణువులు, ఆరు నీటి అణువులు కలిసి ఒక గ్లూకోజ్, ఆరు ఆక్సిజన్ అణువులు. ఆ కుర్రాడు వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, "మేడమ్, ఆరు నీటి అణువుల్లో ఆక్సిజన్ పరమాణువులు ఆరే ఉన్నాయి. బయటికొచ్చేవి పన్నెండు. అన్నీ నీళ్ళలోవే అయితే మిగతా ఆరు ఎక్కడివి?" అన్నాడు. నేను ఇన్నేళ్ళు ఆ సమీకరణం రాయించాను. ఆ ప్రశ్న నాకెప్పుడూ రాలేదు. ఈసారి నోటికొచ్చింది చెప్పలేదు. "నాకు ఇప్పుడు తెలియదు, రేపు చూసొచ్చి చెప్తాను" అన్నాను. మర్నాడు చెప్పాను: నిజానికి పన్నెండు నీటి అణువులు లోపలికి వెళ్తాయి, ఆరు కొత్త నీటి అణువులు బయటికొస్తాయి. రెండువైపులా ఉన్న నీళ్ళను కొట్టేసి పుస్తకంలో ఆరు అని రాస్తారు. ఆ కుర్రాడు వెంటనే పన్నెండు పెట్టి మళ్ళీ లెక్కపెట్టి, సరిపోయాయని తలెత్తి చూశాడు.

"తెలియదు" అన్న మాట గురించి చాలామంది మొహమాటపడతారు. పిల్లలు మనల్ని తక్కువగా చూస్తారని. నేను చూసినంతలో అలా జరగదు. కానీ "రేపు చెప్తాను" అని మర్నాడు చెప్పకపోతే మాత్రం పిల్లలు మర్చిపోరు. నేను దానికోసం ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకున్నాను. బాకీ పడ్డ ప్రశ్నలన్నీ అందులో రాసుకుంటాను, పిల్ల పేరు, తేదీ వేసి.

చెట్టు సంగతి వచ్చింది కాబట్టి ఇంకోటి. చెట్టు అంత బరువు ఎక్కడ్నుంచి తెచ్చుకుంటుందని పిల్లలను అడగండి. మట్టిలోంచి అంటారు. నాలుగు వందల ఏళ్ళ కిందట వాన్ హెల్మాంట్ అనే ఆయనకు ఇదే అనుమానం వచ్చింది. తూచిన మట్టిలో చిన్న విల్లో మొక్క నాటి, అయిదేళ్ళు నీళ్ళు మాత్రం పోశాడు. మొక్క రెండు కిలోల పైచిలుకు నుంచి డెబ్భై ఆరు కిలోల దాకా పెరిగింది. తొంభై కిలోల మట్టిలో తగ్గింది అరవై గ్రాముల లోపే. అయితే బరువంతా నీళ్ళదే అని ఆయన తేల్చాడు. ఆయన చనిపోయాక 1648లో ఇది అచ్చయింది. కొలత చక్కగా ఉంది, ముగింపు తప్పు. గాలి కూడా బరువు ఇస్తుందని ఆయన అనుకోలేదు. ఎండిన కలప బరువులో దాదాపు సగం కార్బన్, అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్ నుంచి వచ్చిందే. ఈ కథ నేను ప్రతి బ్యాచ్‌కూ చెప్తాను. సైన్సులో ‘ఎందుకు’కు జవాబు కొలతతో మొదలవుతుంది, కానీ ఏది కొలవలేదో కూడా అడగాలని దీనికంటే బాగా చెప్పే కథ నాకు దొరకలేదు.

సోషల్‌కు వద్దాం. "ఒక్కణ్ణి కాల్చి చంపితే ప్రపంచ యుద్ధం ఎందుకొచ్చింది?" ఇక్కడ చేసే పొరపాటు, నాలుగు కారణాలు చెప్పి రాసుకోమనడం. సైనికవాదం, కూటములు, సామ్రాజ్యవాదం, జాతీయవాదం. పరీక్షకు సరిపోతుంది. పిల్ల అడిగిన దానికి సరిపోదు. ఆ పిల్లకు ఆశ్చర్యం వేసింది గుండుకూ యుద్ధానికీ మధ్య ఉన్న ఖాళీ చూసి. ఆ ఖాళీనే చూపించండి. 1914 జూన్ 28న సరయేవోలో ఆస్ట్రియా-హంగరీ సింహాసన వారసుడైన ఆర్చ్‌డ్యూక్ హత్య. జులై 23న సెర్బియాకు ఆస్ట్రియా-హంగరీ అల్టిమేటం. 28న యుద్ధ ప్రకటన. ఆగస్టు 1న రష్యా మీద జర్మనీ, 3న ఫ్రాన్స్ మీద. 4న బ్రిటన్ దిగింది. తేదీలు వరసగా రాయించి, ఎక్కడ ఎక్కువ ఖాళీ ఉందో చూడమనండి. హత్యకూ అల్టిమేటంకూ మధ్య 25 రోజులు. ఆ తర్వాత అల్టిమేటం నుంచి బ్రిటన్ దిగేదాకా 12 రోజులు. "ఆ 25 రోజులూ ఏం చేశారు? తర్వాత అంత తొందర ఎందుకొచ్చింది?" అని పిల్లలే అడుగుతారు. అప్పుడు కూటములు, సైన్యాల కదలిక అన్నీ వాటంతటవే అవసరమై వస్తాయి. చరిత్రలో ‘ఎందుకు’కు ఒక్క జవాబు ఉండదు, ఎవరు ఏ రోజు ఏం నిర్ణయించారన్నది చూడాలి, ఇంకోలా నిర్ణయించే వీలుందా అనీ చూడాలి.

తెలుగు వ్యాకరణం దగ్గర పిల్లలు అడగడమే మానేస్తారు, అది నాకు బాధ. సంధి సూత్రాలు సంస్కృత శ్లోకాల్లా అప్పజెప్పి వెళ్ళిపోతారు. ఒకసారి ఏడో తరగతి పాప ఒకతె అడిగింది: "పగలు, పగలు కలిస్తే పట్టపగలు అయిందట. మధ్యలో ‘ట్ట’ ఎక్కడ్నుంచి వచ్చింది?" సూత్రం చెప్పబోయే ముందు నేను తిరిగి అడిగాను: "చివర, చివర కలిస్తే?" "చిట్టచివర." "మొదట, మొదట?" "మొట్టమొదట." "నడుమ, నడుమ?" కొంచెం ఆలోచించి, "నట్టనడుమ" అంది. "నీకు ఎవరు నేర్పారు?" "ఎవరూ నేర్పలేదు, అలాగే అంటాం కదా." మరి ఆ సూత్రం నీ నోట్లో ముందునుంచీ ఉంది, వ్యాకరణం రాసినవాళ్ళు నీలాంటి వాళ్ళ మాట విని రాసుకున్నారు అన్నాను. ఆ పాప మొహం వెలిగిపోయింది. భాషలో ‘ఎందుకు’ అంటే, మనం ఎలా మాట్లాడుతున్నామో గమనించమని. పాప తర్వాత వారం పాటు కనపడ్డ మాటలన్నీ జంటలు చేసి తెచ్చింది. కొన్ని కుదిరాయి, కొన్ని కుదరలేదు. కుదరనివే ఎక్కువ ఇష్టంగా చూపించింది.

పరిశోధనలు రెండు మూడు చెప్తాను, ఎందుకంటే ఇవి నా పద్ధతి మార్చాయి. ఆర్థర్ గ్రేసర్, నటాలీ పర్సన్ 1994లో ట్యూటరింగ్‌లో ప్రశ్నలు ఎలా వస్తాయో లెక్కపెట్టారు. మామూలు క్లాసులో ఒక్కో విద్యార్థి గంటకు సగటున 0.11 ప్రశ్న అడుగుతాడు. అంటే తొమ్మిది గంటలు పాఠం వింటే ఒక్క ప్రశ్న. ట్యూటర్ దగ్గర కూర్చుంటే గంటకు 26.5. మన దగ్గరికి వచ్చేసరికి ఆ పిల్ల ఎన్ని గంటల ప్రశ్నలు లోపల దాచుకుని వచ్చిందో ఆలోచించండి. అదే అధ్యయనంలో ఇంకో సంగతి ఉంది: ఎన్ని ప్రశ్నలు అడిగారన్న దానికీ మార్కులకూ సంబంధం కనపడలేదు, ట్యూటరింగ్ కొంత అలవాటయ్యాక అడిగిన ప్రశ్నల నాణ్యతకు మాత్రం సంబంధం కనపడింది. పిల్ల మొదటి ప్రశ్న బలహీనంగా ఉంటే కంగారు పడకండి. 7 ఎలా వచ్చిందని అడిగిన ప్రశ్న, ఆన్సర్ రావడం లేదన్న ప్రశ్న కంటే ఎంత మెరుగో చూశారుగా.

రెండోది, మేరీ బడ్ రో అనే సైన్సు విద్యా పరిశోధకురాలు 1970ల్లో గమనించింది. టీచరు ప్రశ్న వేసి సగటున ఒక్క సెకను ఆగి, తర్వాత తనే మాట్లాడేస్తారు. ఆ ఆగడాన్ని మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడుగయ్యాయి, జవాబు చెప్పనివాళ్ళు తగ్గారు. మూడు సెకన్లు ఎంతసేపో ఇప్పుడు చూద్దాం. (వక్త మౌనంగా ఉన్నారు.) ఎంత పొడుగ్గా ఉందో చూశారా? ఇబ్బందిగా కూడా ఉంది. ఆ ఇబ్బంది మనకు, పిల్లకు కాదు. పిల్ల ఆ టైములో 3 ని 4 తో గుణిస్తోంది.

ఇంకొకటి, 2011లో కర్ట్ వాన్‌లేన్ చాలా అధ్యయనాలు కలిపి చూస్తే, ఒక్కొక్క మెట్టు దగ్గరా ఆగి సాయం చేసే కంప్యూటర్ ప్రోగ్రాములు మనుషుల ట్యూటరింగ్‌కు దాదాపు సమానంగా పనిచేశాయి. చివరి జవాబు తప్పో ఒప్పో మాత్రమే చెప్పేవి వెనకబడ్డాయి. ఇది చదివి నేను నిరుత్సాహపడలేదు. మెట్టు మెట్టునా చూడటంలోనే అసలు బలం ఉందని అర్థమైంది. "నువ్వు చేసింది చూపించమ్మా" అన్న మాట ఎందుకు పనిచేస్తుందో ఆ రోజు తెలిసింది.

చివరగా మీకు పని. మీ ముందున్న కాగితం మీద ఎనిమిదో తరగతి పాప రాసిన ప్రశ్న ఉంది, అక్షరం మార్చలేదు: "లీపు సంవత్సరం నాలుగేళ్ళకోసారి వస్తుంది కదా, మరి 1900కి లేదంట, 2000కి ఉందంట, ఎందుకు?" ఇందులో రుతువులు ఒక చుట్టు పూర్తిచేసి మళ్ళీ మొదటికి రావడానికి పట్టే 365.2422 రోజులున్నాయి. 400 ఏళ్ళకు 97 లీపు సంవత్సరాలు పెడితే ఆ పాయింటు తర్వాతి అంకెలకు ఎంత దగ్గరవుతామన్న లెక్క ఉంది. 1582లో కొన్ని దేశాల్లో అక్టోబర్ 4 మర్నాడు 15వ తేదీ ఎలా అయిందన్న చరిత్ర ఉంది. ఏది ప్రకృతి ఇచ్చింది, ఏది లెక్క చెప్పింది, ఏది మనుషులు ఒప్పుకున్నది, ముందు విడదీయండి. ఆ తర్వాత ఆ పాపను ఏ ప్రశ్నతో మొదలుపెట్టి అడుగుతారో ఒక్క వాక్యం రాయండి. జవాబు రాయొద్దు, మీరు వేసే మొదటి ప్రశ్న రాయండి. పదిహేను నిమిషాలు తీసుకోండి. పక్క సబ్జెక్టువాళ్ళతో కూర్చోండి.